మా బాపు తుపాకిలోంచి ట్యూబ్‌లైటు చూసేవాడు

ఇది ఒక మహాయుద్ధం కథ. ఇందులో రెండు గొట్టాల తుపాకి ఉంది. ఫౌజులో ఏళ్లకేళ్లు చేసి వచ్చిన తండ్రి ఉన్నాడు. ఆ తండ్రిని వెన్నుపోటు పొడిచిన కొడుకు ఉన్నాడు. కన్నీళ్లున్నాయి, నెత్తురు కూడా ఉంది. జర కుదురుగా కూర్చోండి.

సరే, కూర్చోకపోయినా ఫికర్ లేదు. నెత్తురు దోమది. కన్నీళ్లు మా అమ్మవి, ఉల్లిగడ్డలు కోస్తున్నప్పటివి. యుద్ధం జరిగింది నాంపల్లి స్టేషన్ వెనక ఒక కిరాయి ఇంట్లో, ముందు గదికీ వంటింటికీ మధ్యన ఉన్న నాలుగడుగుల జాగాలో. తుపాకి పేలలేదు. ఎవరూ పోలేదు. ఇవన్నీ ముందే చెప్పేస్తున్నా, మళ్లీ చివర్లో నన్ను తిట్టుకోవద్దు. వెన్నుపోటు మాత్రం నిజం. పొడిచింది నేనే, ఫోనుతో.

మా బాపు అబిడ్స్‌లో ఒక బంగారం దుకాణం ముందు గన్‌మన్. ఫౌజు నుంచి వచ్చినాక ఊళ్లో ఉన్న కొంచెం చెలక భూమి ఎవరినీ సాకేలా లేదని పట్నం వచ్చాడు. ఈ నౌకరికి మనిషిని చూసి తీసుకోరు. లైసెన్సున్న సొంత తుపాకి ఉందా అని చూసి తీసుకుంటారు. అంటే మా ఇంట్లో నౌకరి చేసేది తుపాకి. బాపు దానికి తోడు పోతాడు.

సాయంత్రం దుకాణం షట్టర్ దించాక, తుపాకిని పొడుగాటి గుడ్డసంచిలో పెట్టి భుజానికి తగిలించుకుని, ఏవైనా పండ్లు తేవాల్సి ఉంటే మొజంజాహీ మార్కెట్ మీదుగా, లేకపోతే నేరుగా, నడిచే వస్తాడు. చూసినవాళ్లు ఎవరో సితార్ వాయించే ఆయన అనుకుంటారు. ఒకసారి ఐస్‌క్రీం దుకాణం ముందు ఒక పెద్దాయన "కచేరీ ఎక్కడ?" అని అడిగితే బాపు "అబిడ్స్‌ల, రోజూ" అన్నాడట. నాలో ఉన్న వెటకారం రోగం ఎక్కడి నుంచి అంటుకుందో తెలియాలని ఈ సంగతి చెప్పాను.

ఇంటికి వచ్చాక ఆయన చేసే పని ఒకటుండేది. చెప్పులు విడవకముందే, చాయ్ తాగకముందే, ఎవరితో మాట్లాడకముందే. ముందు గదిలో బయటి గోడ వైపు తిరిగి నిలబడతాడు. ఆ గోడ అవతల గోదాం ఉంది, రాతి గోడ, మనుషులుండరు. సంచిలోంచి తుపాకి తీసి, మూతిని ఆ గోడవైపే ఉంచి, వేలును ట్రిగ్గర్‌కు దూరంగా పెట్టి, పైనున్న మీట నొక్కుతాడు. టక్. తుపాకి నడుము విరిగినట్టు రెండుగా వంగుతుంది. గొట్టాల మొదట్లో తూటాలుండే రెండు గుండ్రటి చోట్లు కనిపిస్తాయి. అక్కడ ఏమీ లేదని చూస్తాడు. చూసింది చాలక చిటికెన వేలు పెట్టి చూస్తాడు. అదీ చాలక, తుపాకిని అట్లా తెరిచే ఉంచి పైకెత్తి, గొట్టాలలోంచి ట్యూబ్‌లైటును చూస్తాడు. ముందు కుడిది, తర్వాత ఎడమది. వెలుతురు అడ్డం లేకుండా కనిపిస్తే గొట్టంలో గుడ్డపీలిక గానీ దుమ్ముగడ్డ గానీ ఇరుక్కోలేదని లెక్క. ఇరుక్కున్న గొట్టంతో కాలిస్తే అది కాల్చినవాడి చేతుల్లోనే పగులుతుందట. అప్పుడు తుపాకి ఒక అల్మారాలోకి, తూటాల స్టీలు డబ్బా ఇంకో అల్మారాలోకి. రెండు తాళంచెవులు ఆయన మొలతాడుకు.

ఆ టక్ మీదే మా ఇల్లు నడిచేది. అది వినపడగానే అమ్మ పెనం మీద మొదటి జొన్నరొట్టె వేసేది.

"దుకాణంలనే తూటాలు తీసేసి వస్తవ్ గదా బాపూ, మళ్ల ఇంట్ల ఎందుకు ఈ పూజ?" అని ఒకసారి అడిగాను.

"తీసిన అని నాకు తెలుసు. తెలుసు అన్నదాన్నే నమ్మొద్దు" అన్నాడు.

నేను నవ్వాను. మా బాపుకు జీవితంలో ఒకే ఒక గర్వం ఉంది. ఆయన చేతిలో ఎన్నడూ తుపాకి తప్పు జరగలేదు. ఫౌజులో జరగలేదు, దుకాణంలో జరగలేదు. ఇల్లు కట్టలేకపోయాడు, బండి కొనలేకపోయాడు, నన్ను ఇంజనీరు చేయలేకపోయాడు. చివరిదాంట్లో ఆయన తప్పేం లేదనుకోండి. కానీ ఆ ఒక్క గర్వం మాత్రం నిఖార్సయింది.

నేను పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. అక్షింతలు స్లో మోషన్లో పడేలా చేయడం, అప్పగింతల్లో ఆవులిస్తున్న మేనమామను కట్ చేయడం, ఇవే నా చేతి పనులు. ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడం మా ధందాలో నేరం. ఒక సాయంత్రం పరదా వెనక నుంచి బాపు ట్యూబ్‌లైటు చూస్తుండగా వీడియో తీశాను. ఆకాశంలో రాకెట్లు పోతున్నట్టుండే సంగీతం పెట్టాను. ఆయన ఒక కన్ను మూసినప్పుడు స్లో మోషన్. కింద "నాంపల్లి నక్షత్రశాల. ఈరోజు ఎడమ గొట్టంలో శుక్రగ్రహం" అని రాశాను.

మా చుట్టాల గ్రూపులో పెట్టాను. చిన్నమ్మ నవ్వే బొమ్మలు పదిహేను పెట్టింది. బావ స్టేటస్ పెట్టుకున్నాడు. అక్కడి నుంచి అది ఎటు పోయిందో నాకు తెలియదు గానీ, చేరాల్సిన చోటికి మాత్రం చేరింది. అబిడ్స్‌లో బాపు దుకాణంలో సేల్స్‌మన్‌లు పొద్దున షట్టర్ ఎత్తుతూనే "టెలిస్కోప్ సాబ్, ఇయ్యాల ఏ గ్రహం?" అన్నారట. ఈ సంగతి బాపే చెప్పాడు, రొట్టె తుంచుతూ. చెప్పి నవ్వాడు కూడా. ఆ నవ్వు చూసి నేను సంతోషించాను. ఎడిటింగ్ పని చేసేవాడికి నవ్వు ఎక్కడ కట్ అయిందో తెలియాలి. నాకు తెలియలేదు.

మర్నాడు బాపు వచ్చి, చెప్పులు విడిచి, సంచితో సహా నేరుగా అల్మారా దగ్గరికి పోయాడు. తాళం తీసిన చప్పుడు, వేసిన చప్పుడు. టక్ లేదు. ఆ తర్వాత రోజు కూడా లేదు. అమ్మ రొట్టెలు ఎప్పుడు మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులు తికమకపడి, మూడోరోజు నుంచి టీవీ సీరియల్‌ను బట్టి మొదలుపెట్టింది.

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, అర్థం కానట్టు ఉండటం ఎంత సులువో తెలిసింది. అడుగుదామనుకున్నాను. ఏమని అడగాలి? 'బాపూ, నేను నవ్వులపాలు చేసిన పనిని మళ్లీ నా ముందరే చెయ్యి' అనా? అట్లా కొన్ని వారాలు పోయాయి. ఆయన లోపలికి వచ్చేటప్పుడు నేను ఫోనును దిండు కింద దాచేవాణ్ని. అది గౌరవం అనుకునేవాణ్ని.

ఆదివారం తుపాకి తుడిచే రోజు. ఇదివరకు ముందు గదిలోనే, గోదాం గోడవైపు మూతి పెట్టి తుడిచేవాడు. అట్లా ఒక ఆదివారం పొద్దున ముందు గదిలో నేనున్నానని, వంటింటి గుమ్మం దగ్గర, పరదా చాటున కూర్చున్నాడు. నేను నీళ్లకని లేచి చూశాను. తుపాకి తెరవలేదు. మూసిందే, నేలమీద అడ్డంగా పెట్టి, సంచి జిప్పు అరలో ఏదో వెతుకుతున్నాడు. అవతల అమ్మ కత్తిపీట ముందు ఉల్లిగడ్డలు కోస్తోంది. తుపాకి మూతి అమ్మ మోకాలికి జానెడు పక్కన ఉంది.

తూటాలుండవని నాకు తెలుసు. దుకాణంలోనే తీసేస్తాడు. అంత తెలిసినా అడిగాను.

"బాపూ, ఒక్కసారి తెరిచి చూడు."

"దేనికి?"

"ఊరికెనే."

ఆయన తల ఎత్తలేదు. "ఏం, రీల్ తక్కువ పడ్డదా?"

"పొద్దుగాల్నే ఏందిరా నీ లొల్లి? ఆయన్ని పని చేసుకోనియ్యి" అంది అమ్మ, ముక్కు ఎగబీలుస్తూ.

నేను దిండు కింది ఫోను తెచ్చి అమ్మకిచ్చాను. "ఇగో, దీన్ని బియ్యం డబ్బాల వేయి."

"ఉన్న పురుగులు చాలవా బియ్యంల?"

"బాపూ, నీ కాళ్లు మొక్కుతా. ఒక్కసారి చూడు."

"నిన్న దుకాణంల ఖాలీ చేసిన. నాకు తెల్వదా?"

"తెలుసు అన్నదాన్నే నమ్మొద్దని నువ్వే చెప్పినవ్."

"గది చెప్పినప్పుడు నవ్వినవ్ గదా" అన్నాడు. కోపంగా అనలేదు. ఎవరో మూడో మనిషి గురించి చెప్తున్నట్టు అన్నాడు.

అయినా లేచాడు. నా పోరు పడలేక లేచాడో, అమ్మ మోకాలు అప్పుడే కనబడి లేచాడో తెలియదు. తుపాకి మూతిని పైకి లేపి, ముందు గదిలోకి వచ్చి, గోదాం గోడవైపు తిరిగి మీట నొక్కాడు. టక్.

కుడి గొట్టం ఖాళీ. ఎడమ గొట్టం మొదట్లో పచ్చగా, రూపాయి బిళ్లంత, ఇత్తడి మెరుస్తోంది.

ఇలాంటి చోట నేను పెళ్లి వీడియోల్లో పిడుగు చప్పుడు వేస్తాను. ఇంట్లో వినపడింది స్టేషన్లో రైలు అనౌన్స్‌మెంటు. నాకు జోకు రాలేదని చెప్తే అబద్ధం. వచ్చింది. 'గ్రహం దొరికింది' అని నాలుక మీదికే వచ్చింది. మింగేశాను. ఇప్పటికీ గొంతులో ఎక్కడో ఉంది అది.

బాపు ఆ తూటాను గోటితో పైకి లాగి, తీసి, కిటికీ గట్టుమీద నిలబెట్టాడు. తుపాకిని తెరిచే ఉంచి మంచం మీద పెట్టాడు. తర్వాత కింద కూర్చున్నాడు.

"ఏందది?" అంది అమ్మ లోపలి నుంచి.

అడుగుతూనే తనే వచ్చి చూసింది. చేతిలో సగం కోసిన ఉల్లిగడ్డ.

"నిన్న షట్టర్ కాడ కుడిది తీసిన" అన్నాడు బాపు మెల్లగా. "అంతల పోరగాండ్లు వచ్చి 'సాబ్, కనవడ్తుందా' అన్నరు. ఒగడు ఫోన్ తీసిండు. గబుక్కున మూసేసిన. ఎడమది తీసిన అనే అనుకున్న. చేతిలున్నది లెక్క పెట్టకుండనే జేబుల వేసుకున్న." ఈసారి తనతోనే అన్నాడు: "మొన్న గూడ గిట్లనే వచ్చిన్నేమో. ఎట్ల తెలుస్తది?"

అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా, సాయంత్రం పూట, ఆ జనంలో, భుజాన తూటా ఉన్న తుపాకి.

"తప్పు నాది" అన్నాడు.

"కాదు బాపూ, నాది."

"ఇద్దరిది" అంది అమ్మ. "నా మోకాలిది మాత్రం కాదు."

నన్ను కొడితే బాగుండు. తిట్టినా సరిపోయేది. మా చిన్నాయన ఇట్లాంటి వాటికి చెప్పు తీస్తాడు, కొట్టాక చాయ్ కూడా తాగిస్తాడు, లెక్క అక్కడికక్కడే తెగిపోతుంది. బాపు మాత్రం ఆ పొద్దంతా కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం ముందు ఒకటే మాట అన్నాడు. "రేపు దుకాణం సేఠ్‌కు చెప్పేస్త. నా చేతులు ఇగ దీనికి పనికిరావు. తుపాకి ఠాణాల అప్పజెప్త."

తుపాకి లేని గన్‌మన్‌ను ఎవరు పెట్టుకుంటారు? ఆ వయసులో ఆయనకు ఇంకో పని ఎవరిస్తారు? ఇవి నేను బయటికి అనలేదు. నౌకరి సంగతి అట్లా ఉంచితే, ఆయనకున్న ఆ ఒక్క గర్వాన్ని నేను ఊడబెరికాను. వీడియో తీసేద్దామని ఫోను తెరిస్తే దానికి ఇంకా నవ్వే బొమ్మలు వస్తున్నాయి. తీసేశాను. నా వరకే పోయింది, మిగతావాళ్ల దగ్గర ఎక్కడెక్కడుందో.

సోమవారం పొద్దున బాపుతో నేను కూడా బయలుదేరాను. వద్దనలేదు, రమ్మనలేదు. దారిపొడవునా మనసులో ఉపన్యాసం తయారు చేసుకున్నాను. ఆ సేల్స్‌మన్‌ల ముందు నిలబడి, మీ నవ్వుల వల్ల ఒక మనిషి ప్రాణం పోయేది అని చెప్పాలి. చివరి వాక్యం దగ్గర గొంతు జీరబోవాలి. ఎక్కడ ఆగాలో కూడా అనుకున్నాను.

దుకాణం తెరిచి అద్దాలు తుడుస్తున్నారు. పెద్ద సేల్స్‌మన్ దగ్గరికి పోయి "అన్నా, ఆ వీడియో గురించి మాట్లాడాలె" అన్నాను.

"ఏ వీడియో?"

"గదే, మా బాపుది. టెలిస్కోపు."

"ఓ గదా! గది పాతదయిపాయె తమ్మీ. ఇప్పుడు గీ పిల్లిని చూడు, హార్మోనియం వాయిస్తది" అని ఫోను నా మొహం మీద పెట్టాడు. పిల్లి నిజంగానే వాయిస్తోంది. అంత బాగా ఏం లేదు.

"నిన్న మొన్న గూడ అన్నరట గదా, కనవడ్తుందా అని."

"ఏదో అలవాటు కొద్ది అంటున్నం. ఏ, సాబ్ ఏమన్న అనుకున్నడా?" అన్నాడు. నిజంగానే అడుగుతున్నాడు. ఆయన మొహంలో దుర్మార్గం కోసం వెతికాను. పళ్ల మధ్య సోంపు గింజ తప్ప ఏం కనబడలేదు. వాళ్లు ఎప్పుడో మరిచిపోయి, ఊరికే నోటికొచ్చిన మాట అంటున్నారు. ఆ జోకును బతికించి మోస్తున్నది మేమిద్దరమే, తండ్రీకొడుకులం. ఉపన్యాసాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను.

లోపల బాపు సేఠ్ ముందు అటెన్షన్‌లో నిలబడి జరిగింది జరిగినట్టు చెప్తున్నాడు. ఎక్కడా నా పేరు రాలేదు, వీడియో రాలేదు. "నేను మూసేసిన. నేను చూడలే. నేనే ఇంటికి తీస్కపోయిన." ప్రతి వాక్యానికీ మొదట్లో తననే నిలబెట్టుకున్నాడు. గల్లా వెనక కూర్చున్న సేఠ్ తాళాల గుత్తిలో ఏదో వెతుక్కుంటూ విన్నాడు.

"పేలిందా?"

"లేదు సేఠ్."

"మరి?"

"పేలొచ్చు."

"నువ్ చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెల్వకపోతుండె."

"అయితే నువ్వే ఉండు. నువ్వు పోతే ఇంకొకడొస్తడు, వాడు చెప్పడు" అని సేఠ్ తాళంచెవి దొరికి లేచాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. బాపు కదల్లేదు. "నా ఒక్కని కండ్ల మీద నాకు భరోసా లేదు సేఠ్. ఫౌజుల ఇద్దరం ఉండేది. ఒకడు తెరుస్తడు, ఇంకొకడు చూసి ఖాలీ అని గట్టిగ చెప్తడు. అట్లయితేనే ఉంట."

సేఠ్ చుట్టూ చూసి, చేతికి దగ్గరున్నవాణ్ని చూపించాడు. పిల్లిని చూపించిన పెద్ద సేల్స్‌మనే. "ఇయ్యాల్టి సంది షట్టర్ కాడ నువ్ చూడు." ఆయన ఫోను జేబులో పెట్టుకుని, బడిలో పేరు పిలిచినట్టు నిటారుగా నిలబడ్డాడు.

"ఇంట్ల?" అన్నాడు సేఠ్.

బాపు నావైపు చూడలేదు. గాజు బల్లలో ఉన్న గొలుసుల వైపు చూస్తూ "ఇంట్ల ఎవరు చూస్తరో అడగాలె" అన్నాడు.

"నేను చూస్త" అన్నాను. నా గొంతు జీరబోయింది. అనుకున్న చోట కాదు.

ఆ సాయంత్రం ముందు గదిలో, గోదాం గోడవైపు తిరిగి, ఆయన మీట నొక్కాడు. నేను పక్కన నిలబడి ఒంగి చూశాను. తుపాకిని ముట్టడానికి నాకు లైసెన్సు లేదు, కండ్లకు లైసెన్సు అక్కర్లేదు.

"ఖాలీ" అన్నాను.

"ఏ గొట్టం?"

"రెండూ."

"ఇంత జల్ది రెండు ఎట్ల చూసినవ్? ఒకటి చూడు, చెప్పు. ఇంకొకటి చూడు, చెప్పు."

కుడిది చూశాను. ఖాలీ. ఎడమది చూశాను. ఖాలీ. తర్వాత ఆయన గొట్టాలను ట్యూబ్‌లైటు వైపు ఎత్తి నా కంటికి ఎదురుగా పట్టాడు. లోపల వెలుతురు వలయాలు వలయాలుగా, ఒకదాని వెనక ఒకటి, దూరంగా పోతోంది. ఇన్నేళ్లు ఆయన రోజూ చూసింది ఇదన్నమాట. బాగుంది. నేను వేసిన రాకెట్ సంగీతం దీని ముందు ఉత్త గోల. ఆ మాట ఆయనకు చెప్పలేదు. చెప్తే మళ్లీ ఏదో ఎడిట్ చేసినట్టు ఉంటుంది.

ఇప్పుడు రోజూ నడుస్తోంది. నాకు పెళ్లి వీడియో అర్జెంటు ఉన్నా ఆ వేళకు ఇంట్లో ఉంటాను. బాపు నౌకరి చేస్తున్నాడు, తుపాకి పోతోంది, వస్తోంది. ఒక్కటి మాత్రం మారలేదు. మీట నొక్కే ముందు ఆయన ఒక చిన్న క్షణం ఆగి నా చేతుల వైపు చూస్తాడు. ఫోను ఉందేమో అని. తనకు తెలియకుండానే చూస్తాడనుకుంటా. నేను రెండు చేతులూ తెరిచి చూపిస్తాను, తూటాలు లేవని తుపాకి చూపించినట్టు. అప్పుడు మీట నొక్కుతాడు. అలవాటు పోతుందేమోనని చూస్తున్నాను. ఇంకా పోలేదు. పోవాలని అడిగే మొహం నాకు లేదు.

మొన్న ఆదివారం తుడిచేటప్పుడు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, నూనె గుడ్డ, గొట్టాలు తుడిచే కడ్డీ నా చేతికిచ్చాడు. "కడ్డీకి చుట్టు. ఎక్కువ చుట్టకు, ఇరుక్కుంటది" అన్నాడు. నా మీద ఇంత నమ్మకం పెట్టాడని లోపల ఏదో కదిలి, గుడ్డ పిండినప్పుడు చూసుకోలేదు. కొత్త తెల్లంగీ మీద నూనె పడింది. నమ్మకం సంగతి చెప్పడం నాకు రాదు, మరక సంగతి చెప్తాను.

తుపాకి నూనె మరక బట్టల సబ్బుతో పోదు. వెంటనే ముగ్గుపిండి చల్లి, అది పీల్చుకున్నాక దులిపి, గిన్నెలు తోమే సబ్బుతో రుద్దాలి. వేడినీళ్లు వాడాలి. ముదురు రంగు అంగీ వేసుకుంటే ఈ బాధే ఉండదు.